చెరుకు దీవికి పోయినవాళ్లు: మారిషస్ నేల, ఆర్థికం, కులం

మారిషస్ పేరు మనకి రెండు సందర్భాల్లో వినిపిస్తుంది. ప్రపంచ తెలుగు మహాసభల ప్రస్తావన వచ్చినపుడు ఒకటి. 1990లో మూడో మహాసభలు జరిగింది అక్కడే. విదేశీ పెట్టుబడుల లెక్కలు వచ్చినపుడు రెండోది. మన దేశంతో 1982లో చేసుకున్న పన్నుల ఒప్పందం పుణ్యమా అని ఆ చిన్న దీవి చాలాకాలం భారతదేశానికి పెట్టుబడి 'పంపే' దేశాల్లో ముందుండేది. 2016లో ఆ ఒప్పందాన్ని సవరించారు. మొదటి సందర్భంలో వేదిక మీద తెలుగు వెలుగుల గురించి మాట్లాడతారు, రెండో సందర్భంలో డబ్బు గురించి మాట్లాడతారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి అక్కడికి కూలికి పోయినవాళ్లు ఎవరు, ఏ నేల మీద ఏ పని చేశారు, ఆ నేల చివరికి ఎవరిదయింది అన్న ప్రశ్న రెండు చోట్లా రాదు. ఆ ప్రశ్న మనం వేసుకోవాలి. అందుకు ముందు ఆ దీవి భూగోళం, ఆర్థికం తెలియాలి.

నేల స్వరూపం

మారిషస్ హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కి తూర్పున ఉంది. ప్రధాన దీవి వైశాల్యం 1,865 చదరపు కిలోమీటర్లు. 2022లో జిల్లాలు విడగొట్టక ముందరి శ్రీకాకుళం జిల్లా 5,837 చదరపు కిలోమీటర్లు. అంటే ఆ దీవి మన పాత జిల్లాలో మూడో వంతు కూడా లేదు. జనాభా 12 లక్షల పైచిలుకు, 2011 లెక్కల ప్రకారం చూస్తే విజయనగరం జిల్లా జనాభాలో సగానికి కొంచెం ఎక్కువ.

దీవి అగ్నిపర్వతాల వల్ల పుట్టింది. నడుమ పీఠభూమి, చుట్టూ విరిగిన కొండలు, తీరం పొడుగునా మైదానం, దాన్ని చుట్టి పగడపు దిబ్బలు. అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం 828 మీటర్లు. ఆగ్నేయం నుంచి వీచే గాలులు తూర్పు వాలు మీద, పీఠభూమి మీద బాగా వానలు కురిపిస్తాయి. కొండల చాటున పడిన పడమటి తీరం ఎండుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం. 1892 ఏప్రిల్‌లో వచ్చిన తుపాను వెయ్యి మందికి పైగా పొట్టన పెట్టుకుంది. 1960లో వచ్చిన కరోల్ తుపాను దీవిలోని ఇళ్లనూ పంటనూ నేలమట్టం చేసింది. తిత్లీ (2018) చూసిన ఉద్దానం వాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

నేలంతా నల్లరాయి. ఈనాటికీ చెరుకు తోటల మధ్య ఇంటి ఎత్తున పేర్చిన రాళ్ల గుట్టలు కనిపిస్తాయి. సాగు కోసం ఆ రాళ్లను ఏరి మోసి పేర్చింది మనుషుల చేతులే. మొదట బానిసల చేతులు, తరవాత కూలీల చేతులు. కూలీల కథని గొప్ప విజయగాథగా చెప్పేవాళ్లు ముందు ఆ గుట్టల్ని చూడాలి.

చెరుకు ఏం అడుగుతుంది?

ఈ దీవికి చెరుకు తెచ్చింది డచ్చివాళ్లు, 1639లో. 1710లో వాళ్లు వదిలిపోయాక 1715లో ఫ్రెంచివాళ్లు పట్టుకున్నారు. 1810లో ఇంగ్లీషువాళ్లు గెలుచుకున్నా ఫ్రెంచి భూస్వాముల ఆస్తుల జోలికి, వాళ్ల చట్టాల జోలికి పోలేదు. జెండా మారిందిగాని భూమి చేతులు మారలేదు. 1825లో మారిషస్ చక్కెర మీద సుంకాన్ని కరీబియన్ దీవుల చక్కెర సుంకంతో సమానం చేశారు. దాంతో మిగతా పంటలన్నీ వెనక్కి పోయి దీవి అంతా చెరుకు పరుచుకుంది. తుపానుకి ఒంగి మళ్లీ లేచే పంట అది. కార్శి మీద కొన్నేళ్లు నిలుస్తుంది.

అయితే చెరుకుకి ఒక గుణం ఉంది. కొట్టిన గడ ఒకటి రెండు రోజుల్లో మిల్లుకి చేరకపోతే రసం పాడవుతుంది. కాబట్టి పంట పండించేవాడు ఎవడైనా మిల్లు చేతిలో ఉండక తప్పదు. మిల్లు దగ్గరే తోట, తోట దగ్గరే కూలీల కొట్టాలు, కోత కాలంలో పగలూ రాత్రీ పని. తోటపంటల ఆర్థిక వ్యవస్థ అంటే ఇదే. దానికి కావలసింది రైతు కాదు, వదిలిపోలేని కూలి. కరీబియన్‌లో అయినా, మారిషస్‌లో అయినా ఆ కూలిని మొదట ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చారు.

దీనికి ఎదురు సాక్ష్యం పక్కనే ఉంది. మారిషస్‌కి తూర్పున సుమారు 560 కిలోమీటర్ల దూరంలో రోడ్రిగ్స్ అని ఇంకో దీవి ఉంది. 108 చదరపు కిలోమీటర్లు. అది మారిషస్ దేశంలోని భాగమే, 2002 నుంచి సొంత ప్రాంతీయ అసెంబ్లీతో స్వయంపాలన ఉన్న ప్రాంతం. అక్కడ చెరుకు తోటల వ్యవస్థ వేళ్లూనలేదు. చేపలు, ఆక్టోపస్, ఉల్లి, చిక్కుడు గింజలు, పశువులు, వీటి మీద బతుకుతారు. కాబట్టి అక్కడికి కూలీల ఓడలు రాలేదు. జనం ఎక్కువమంది ఆఫ్రికా, మడగాస్కర్ మూలాల క్రియోల్‌లు. ఒకే సముద్రం, ఒకే పాలన. చెరుకున్న దీవి భారతీయులతో నిండిపోయింది, చెరుకు లేని దీవికి మనవాళ్లు పోలేదు. మన వలసను నడిపింది సాహసమూ కాదు, సంస్కృతీ కాదు, చక్కెర.

బానిసత్వం పోయాక

1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. అప్పటికి అక్కడ 60 వేలకు పైగా బానిసలున్నారు. వాళ్లని పోగొట్టుకున్నందుకు యజమానులకి బ్రిటిష్ ప్రభుత్వం సుమారు 21 లక్షల పౌన్ల నష్టపరిహారం ఇచ్చింది. బానిసలుగా బతికినవాళ్లకి ఒక్క పెన్నీ ఇవ్వలేదు, గుంట భూమి ఇవ్వలేదు. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే తరవాతి కథ సగం అర్థమవుతుంది.

వాళ్ల చోటును నింపడానికి 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడలో 36 మంది కూలీలు కలకత్తా నుంచి దిగారు. ఈ ప్రయోగం నెగ్గడంతో ఇదే పద్ధతిని 1838లో బ్రిటిష్ గయానాకి, 1845లో ట్రినిడాడ్‌కి, 1854లో ఫ్రెంచి గ్వాదెలూప్‌కి, 1860లో నాటాల్‌కి తీసుకుపోయారు. మారిషస్‌కి మొత్తం మీద నాలుగున్నర లక్షల మంది భారతీయుల్ని దించారు. 1861 నాటికి దీవిలో ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు భారతీయులు. ఎక్కువమంది బీహారు, తూర్పు ఉత్తరప్రదేశ్ వైపు వాళ్లు. దక్షిణాది నుంచి పోయినవాళ్లలో తెలుగువాళ్లు ఒక ముఖ్యభాగం. వాళ్లని అక్కడ 'కోరంగులు' అన్నారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరే జాతి పేరయింది. 1843లో 'కోరంగి ప్యాకెట్' అనే ఓడ తెలుగు కూలీల్ని మోసుకుపోయింది. తరవాత తరవాత మద్రాసు డిపో నుంచే ఎక్కువ ఓడలు కదిలాయి.

ఎవరు పోయారు, ఎందుకు పోయారు?

అప్పట్లో ఈ ప్రాంతం గంజాం, విశాఖపట్నం జిల్లాల కింద ఉండేది. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి లాంటి జమీందారీలు నేలనంతా పంచుకున్నాయి. జమీందారుకి, రైతుకి పేచీ శిస్తు దగ్గర. కంబారికి ఎవరితోనూ శిస్తు పేచీ లేదు, ఎందుకంటే వాడికి భూమే లేదు. ఏడాది జీతానికి, తీరని అప్పుకి రైతు ఇంట కంబారితనం చేసేవాళ్లలో మాల, మాదిగ, ఇతర అంటరాని కులాల వాళ్లే ఎక్కువ. ఈ అప్పు తరాల మీద ఎలా పాకుతుందో కాళీపట్నం రామారావు 'యజ్ఞం' (1964) కథ చదివినవాళ్లకి తెలుసు.

దీని మీద కరువులు పడ్డాయి. 1866లో గంజాంని, 1876-78లో మద్రాసు రాజధాని అంతటినీ కరువు తినేసింది. రెండోదాన్నే ధాత కరువు అన్నారు. కరువులో ముందు చచ్చేది గాదె లేనివాడే. చావు తప్పించుకోడానికి దొరికిన దారి రేవు. కొందరు బర్మా పోయారు, కొందరు చెరుకు దీవులకి పోయారు. సముద్రం దాటితే కులం పోతుందన్న భయం, పోగొట్టుకోడానికి కులగౌరవం ఉన్నవాళ్లది. ఊరి బావి ముట్టుకోనివ్వని వాడికి సముద్రం ఏం మైల చేస్తుంది?

అలాగని పోయినవాళ్లంతా దళితులే అనుకోకూడదు. కూలీల రిజిస్టర్లలో పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకాతో పాటు కులం కూడా రాసేవారు. మద్రాసు నుంచి నాటాల్‌కి పోయిన ఓడల జాబితాలు చూస్తే కాపు, వెలమ, గొల్ల అన్న పేర్ల పక్కనే మాల, మాదిగ అన్న పేర్లూ ఉంటాయి. కరువు అందరినీ రేవుకి తోసింది. అయితే వెనక్కి చూసుకోడానికి ముక్క భూమి ఉన్నవాడు, ఏమీ లేనివాడు ఒకే ఓడ ఎక్కారని మాత్రం మరవకూడదు.

వాళ్లు ఈ తీరం వాళ్లే అనడానికి రుజువు పేర్లలో ఉంది, దేవుళ్లలో ఉంది. మారిషస్ తెలుగువాళ్లు ఇప్పటికీ సింహాద్రి అప్పన్నకి పండగ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, రామభజన చేస్తారు. 2003లో కూలీల ఓడ ప్రయాణం మీద ఫ్రెంచిలో నవల రాసిన నటాషా అప్పన్న ఇంటిపేరులో సింహాచలం దాకా వినిపిస్తుంది.

కొట్టాల బతుకు

పోర్ట్ లూయీలో కూలీలు దిగిన డిపో, ఆప్రవాసి ఘాట్, 2006 నుంచి ప్రపంచ వారసత్వ కట్టడం. అక్కడి నుంచి తోటకి పంపేవారు. అయిదేళ్ల ఒప్పందం. మొదటి కాలంలో మగవాడికి నెలకి 5 రూపాయలు, బియ్యం, పప్పు, ఉప్పు, బట్ట. కాగితం మీద ఇది జీతం. అమల్లో మాత్రం 'రెండింతల కోత' ఉండేది. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. ఒప్పందం తీరినవాడు కూడా తన బొమ్మ అంటించిన చీటీ లేకుండా రోడ్డెక్కితే దిమ్మరి కింద పట్టుకునేవారు. 1867 చట్టం దీన్ని ఇంకా బిగించింది. 1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ సాయంతో 9,401 మంది పాత కూలీలు గవర్నరుకి అర్జీ పెట్టుకున్నారు. దాని మీద రాయల్ కమిషన్ వచ్చింది, 1875లో నివేదిక ఇచ్చింది. అన్యాయం ఉందని సర్కారు ఒప్పుకోడానికి తొమ్మిది వేల వేలిముద్రలు, సంతకాలు కావలసి వచ్చాయి.

భూమి ముక్కలయిన వేళ

మలుపు కోర్టులో రాలేదు, మార్కెట్లో వచ్చింది. 19వ శతాబ్దం చివరి భాగంలో యూరప్ బీట్‌రూట్ చక్కెర పోటీకి వచ్చి ధర పడిపోయింది. తోటల యజమానులు చవిటి నేలలు, రాతి నేలలు, మిల్లుకి దూరంగా ఉన్న చెక్కలు ముక్కలు చేసి అమ్మడం మొదలెట్టారు. దీన్ని అక్కడ 'మోర్సెల్మాఁ' అంటారు, అంటే ముక్కలు చెయ్యడం. కొన్నవాళ్లు భారతీయులే. మంచి నేల, మిల్లు తమ దగ్గర ఉంచుకుని, పనికిరాని నేలని కూలీల పొదుపుకి అంటగట్టారన్నది నిజం. మొదట కొన్నవాళ్లలో నాలుగు డబ్బులు వెనకేసిన సర్దార్లు, అంటే మేస్త్రీలు, ముందున్నారన్నదీ నిజం. అయినా ఒక చిన్నరైతు వర్గం పుట్టింది. తోట కొట్టం వదిలి సొంత ఊరు కట్టుకుంది, బడి పెట్టుకుంది, ఓటు అడిగింది.

మిల్లు మాత్రం పాతవాళ్ల చేతిలోనే ఉండిపోయింది. అందుకే తగువు మిల్లు కాటా దగ్గరికి చేరింది. 1937లో ఊబా రకం చెరుకుకి ధర తగ్గించినందుకు చిన్నరైతులు, కూలీలు తిరగబడితే కాల్పులు జరిగాయి. 1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ హరెల్‌లో సమ్మె చేస్తున్న కూలీల మీద కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. వాళ్లలో ఒకరు గర్భిణి, అంజలై కూపెన్. ఆమె పేరు ఇవాళ అక్కడ స్టేడియానికి ఉంది. ఒక పక్క లేబర్ పార్టీ (1936), సంఘాలు, వయోజన ఓటు, ఇంకో పక్క 1968 మార్చి 12న స్వాతంత్ర్యం. ఆ రోజుకి ఎగుమతుల్లో తొంభై శాతం పైగా చక్కెరే. ఈ దీవి బాగుపడదని పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు 1961లోనే తేల్చేశారు.

బాగుపడింది. ఎలా? 1975 లోమే ఒప్పందం కింద యూరప్ ఏటా 5 లక్షల టన్నుల చక్కెరని మంచి ధరకి కొంది. ఆ లాభం మీద ప్రభుత్వం ఎగుమతి పన్ను వేసింది. అందరికీ వృద్ధాప్య పింఛను, ఉచిత వైద్యం, 1977 నుంచి ఉచిత హైస్కూలు చదువు వచ్చాయి. 1970లో తెచ్చిన ఎగుమతి మండలాల్లో బట్టల ఫ్యాక్టరీలు వచ్చాయి, వేలమంది ఆడవాళ్లు మొదటిసారి నెలజీతం అందుకున్నారు. తరవాత హోటళ్లు, ఆ తరవాత బ్యాంకులు. నేల మారలేదు, రాయి అదే, తుపాను అదే. నేల మీద పుట్టిన మిగులులో కొంత వాటాని పోరాడి జనం వైపు తిప్పుకున్నారు. భూగోళం పేదరికాన్ని రాయదు, ఆస్తి రాస్తుంది.

కులం ఏమయింది?

మన పాఠకులకి అసలు ప్రశ్న ఇది. ఓడలో అందరికీ ఒకటే వంట, తోటలో ఒకటే కొట్టం, ఒకటే కూలి. ఆడవాళ్లు తక్కువ కాబట్టి కులం చూసుకుని పెళ్లి చేసుకునే వీలు చాలామందికి లేదు. ముఖ్యంగా, కులానికి ఇక్కడ పునాది అయిన వృత్తి, వాడ, ఊరి కట్టుబాటు అక్కడ లేవు. మాదిగ అని రాయించుకున్నవాడూ, కాపు అని రాయించుకున్నవాడూ చెరుకే నరికారు. అంటరానితనం నిలవడానికి ఒక ఊరు కావాలి, ఆ ఊరికి ఒక వెలివాడ కావాలి. తోట యజమానికి అది అక్కర్లేకపోయింది. ఆయన దృష్టిలో అందరూ అంటరానివాళ్లే.

అయితే కులం చచ్చిపోయిందనుకుంటే పొరపాటు. భోజ్‌పురి మూలాల హిందువుల్లో వైశ్, రాజ్‌పుత్, రవివేద్ అన్న పేర్లతో సంఘాలున్నాయి, ఎన్నికల్లో సీట్ల లెక్క ఆ పేర్ల మీద నడుస్తుంది. పెద్ద జాతి, చిన్న జాతి అన్న మాటలు క్రియోల్ భాషలో కూడా దిగాయి. పనిలో పోయిన కులం పెళ్లిలోనూ, పార్టీలోనూ మళ్లీ తలెత్తింది. ఉత్పత్తిలో దాని వేరు తెగింది కాబట్టి హత్యలు చేసే బలం దానికి లేదు. పూర్తిగా పోలేదు కాబట్టి గౌరవం పంచే తక్కెడ ఇంకా దాని చేతిలో కొంత ఉంది.

ఇంకో విషయం మనం దాచకూడదు. భారతీయ కూలీల పిల్లలు మెట్టెక్కుతుంటే అడుగున మిగిలిపోయింది బానిసల వారసులైన క్రియోల్‌లు. నష్టపరిహారం అందనివాళ్లు, ముక్కలు చేసి అమ్మిన భూమిలో వాటా పెద్దగా దక్కనివాళ్లు, తరవాత ప్రభుత్వోద్యోగాల్లోనూ వెనకబడ్డవాళ్లు వాళ్లే. 1999 ఫిబ్రవరిలో క్రియోల్ గాయకుడు కాయా పోలీసు కస్టడీలో చనిపోయినపుడు దీవి భగ్గుమంది. బానిసత్వం, కూలి వెట్టి మిగిల్చిన గాయాల మీద వేసిన సత్య న్యాయ కమిషన్ 2011లో ఇచ్చిన నివేదిక, బానిసల వారసులు భూములు పోగొట్టుకున్న తీరుని గట్టిగా ప్రస్తావించింది. సముద్రం దాటిన మనవాళ్లు ఒక మెట్టెక్కారంటే, ఆ మెట్టు కింద ఎవరున్నారో కూడా చూడాలి. అలా చూడని 'తెలుగు వెలుగు' దళితుల చూపు కాదు.

చక్కెర తరవాత

2006 నుంచి యూరప్ చక్కెర ధరను 36 శాతం తగ్గించింది, 2009లో పాత ఒప్పందం ముగిసింది. 19వ శతాబ్దంలో రెండొందలకు పైగా ఉన్న మిల్లులు ఇప్పుడు మూడు. చిన్నరైతులు చెరుకు వదిలేస్తున్నారు. పెద్ద కంపెనీలకి నష్టం లేదు, పిప్పితో కరెంటు అమ్ముతాయి, తీరం పక్క చెరుకు తోటల్ని విదేశీ ధనవంతుల విల్లాలుగా మారుస్తాయి. బట్టల ఫ్యాక్టరీల్లో, కట్టుబడి పనుల్లో ఇప్పుడు బంగ్లాదేశ్, నేపాల్, మడగాస్కర్, భారతదేశాల నుంచి ఒప్పందం మీద వచ్చిన కూలీలు డార్మెటరీల్లో ఉంటున్నారు. చీటీ పోయి వర్క్ పర్మిట్ వచ్చింది.

ఇటు మన వైపు చూద్దాం. ఆమదాలవలస సహకార చక్కెర ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. 2021లో లచ్చయ్యపేట ఫ్యాక్టరీ బకాయిల కోసం చెరుకు రైతులు రోడ్డెక్కారు. మిల్లుకి, రైతుకి ఉన్న సంబంధం రెండు తీరాల్లోనూ ఒకటే. వలసా ఆగలేదు. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకున్న మత్స్యకారులు ఈ జిల్లాల వాళ్లే, గుజరాత్ పడవల మీద కూలికి పోయినవాళ్లు. 2020 జనవరిలో గాని విడుదల కాలేదు.

భూమి సంగతి? 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితుల్ని చంపేశారు. మడ్డువలస ప్రాజెక్టు కోసం సేకరించగా మునగకుండా మిగిలిన భూమిని దళితులు సాగు చేసుకోవడమే అక్కడ తగువు. చెరుకు దీవిలో కూలి ముక్క భూమి కొంటే ధర మాత్రమే ఎక్కువ కట్టాడు. ఇక్కడ దళితుడు ముక్క భూమి దున్నితే ప్రాణం కట్టాడు. ఈ తేడా దూరం వల్ల వచ్చింది కాదు. అక్కడ ఊరు కులం చుట్టూ కట్టింది కాదు, ఇక్కడ ఊరు కులం చుట్టూ కట్టింది.

అంబేడ్కర్ 1947లో రాసిన 'రాష్ట్రాలు, మైనారిటీలు' పత్రంలో వ్యవసాయ భూమిని రాజ్యం సొంతం చేసి, కులభేదం లేకుండా సాగుకి ఇవ్వాలన్నారు. దళితులకి వేరే ఊళ్లు కట్టివ్వాలన్నారు. చాలామంది దాన్ని అతి అనుకున్నారు. మారిషస్ చరిత్ర చూస్తే ఆ ప్రతిపాదనలోని రెండు ముక్కలూ ఎందుకు కలిసి ఉండాలో తెలుస్తుంది. భూమి దొరికితే కూలి చిన్నరైతు అవుతాడు. పాత ఊరు తప్పితే అంటరానితనం నిలవడానికి చోటు ఉండదు. ఒకటి లేకుండా రెండోది నిలబడదు.

మన జిల్లాల విద్యార్థులు, ఉపాధ్యాయులు ఒక పని చెయ్యొచ్చు. మారిషస్‌లోని మహాత్మాగాంధీ సంస్థలో కూలీల రిజిస్టర్లున్నాయి. వాటిలో మన తాలూకాల పేర్లున్నాయి, ఊళ్ల పేర్లున్నాయి, కులాల పేర్లున్నాయి. ఏ ఊళ్ల నుంచి ఏ వాడల వాళ్లు పోయారో ఊరూరా తిరిగి కలిపి చూస్తే, మన దళితవాడల చరిత్రలో లేకుండా పోయిన ఒక అధ్యాయం దొరుకుతుంది. మహాసభల సావనీర్లలో అది రాదు. మనమే రాసుకోవాలి.